ఈయూ, దక్షిణాసియా: ప్రపంచ ఉద్గారాల్లో ఎవరి వాటా ఎలా మారిందో మీరే లెక్క కట్టండి

ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో యూరోపియన్ యూనియన్ వాటా 1990లో 17 శాతం. 2022 నాటికి అది 7 శాతం చిల్లరకు దిగింది. అదే కాలంలో దక్షిణాసియా వాటా 3 శాతం లోపు నుంచి 8 శాతం దాటింది. ఈ రెండు మాటలూ నిజమే. కానీ వీటిని పక్కపక్కన చదివినవాళ్లకు వెంటనే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది: యూరప్ సగానికి పైగా తగ్గించుకుంది, మనం మూడింతలు పెంచుకున్నాం అని. ఆ అభిప్రాయం తప్పు. ఈయూ ఉద్గారాలు తగ్గింది 30 శాతం లోపే. దక్షిణాసియావి పెరిగింది మూడింతలు కాదు, దాదాపు అయిదింతలు.

వాటా అంటే భిన్నం. పైన లవం ఉంటుంది, కింద హారం ఉంటుంది. అంకె మారినప్పుడు ఏది కదిలిందో చూడకుండా తీర్పు చెప్పకూడదు. వాతావరణ చర్చల్లో జరిగే వాదోపవాదాల్లో సగం ఈ ఒక్క విషయం దగ్గరే దారి తప్పుతాయని నా నమ్మకం. అందుకే ఈ లెక్కను మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటర్‌లో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే చాలు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైనా, వార్త రాసేవాళ్లకైనా, ప్రాజెక్టు చేసే విద్యార్థులకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

‘యూరప్ ఎక్కువా, మనం ఎక్కువా’ అన్నది లెక్కకు లొంగే ప్రశ్న కాదు. ఏ వాయువులు, ఏ దేశాలు, ఏ సంవత్సరాలు, అడవులు కలిపా కలపకుండానా, వస్తువు తయారైన చోట లెక్కా వాడిన చోట లెక్కా అన్న అయిదూ తేలాలి. ఈ వ్యాసంలో ఉదాహరణకు నేను తీసుకున్న ప్రశ్న ఇది: “బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు నుంచి వెలువడిన ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో, ప్రస్తుత 27 దేశాల ఈయూ వాటా, 8 దేశాల దక్షిణాసియా వాటా 1990 నుంచి 2022 వరకు ఎలా మారాయి? అడవులు, భూవినియోగం కలపలేదు. ఉద్గారం ఏ దేశంలో వెలువడితే ఆ దేశం ఖాతాలోనే వేశాం.”

ఈ వాక్యాన్ని షీటులో మొదటి గడిలో పెట్టుకోండి. తర్వాత ఏ అంకె దగ్గర అనుమానం వచ్చినా ఇక్కడికే తిరిగి రావాలి.

2. ప్రాంతాల హద్దులు గీసి, చివరిదాకా కదపకండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. 1990లో ఈయూ అనే పేరే లేదు. అప్పుడున్నది 12 దేశాల ఐరోపా సముదాయం. ఆ తర్వాత దేశాలు చేరుతూ వచ్చాయి. 2013లో క్రొయేషియా చేరి 28 అయింది. 2020 జనవరి 31న బ్రిటన్ వెళ్లిపోయి 27 మిగిలింది. ఏ ఏడాదికి ఆ ఏడాది సభ్యులను కలుపుకుంటూ పోతే, ఒక దేశం చేరగానే ఉద్గారాలు ‘పెరిగినట్టు’, బ్రిటన్ పోగానే ‘తగ్గినట్టు’ గీత చూపిస్తుంది. అసలు ఒక్క పొగగొట్టం కూడా మారి ఉండదు. కాబట్టి నేటి 27 దేశాలనే 1990కీ వర్తింపజేయండి. పాత నివేదికల్లో ఈయూ-28 అంకెలుంటాయి. వాటిని ఈయూ-27 అంకెలతో కలిపేయవద్దు.

‘యూరప్’ అని ఉన్న వరుసను ఈయూ అనుకుని తీసుకోవడం ఇంకో పొరపాటు. చాలా డేటాసెట్లలో యూరప్ అంటే రష్యా, ఉక్రెయిన్, బ్రిటన్ అన్నీ కలిపి.

దక్షిణాసియా విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సార్క్ లెక్క ప్రకారం భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు, అఫ్గానిస్థాన్. ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం మాత్రం ఇరాన్‌ను కూడా దక్షిణాసియాలోనే వేస్తుంది. ఇరాన్ చమురు, గ్యాస్ దేశం. పాకిస్థాన్‌కు మూడింతలకు పైగా ఉద్గారాలు వదులుతుంది. దాన్ని కలిపితే అంకె మొత్తం మారిపోతుంది. ప్రపంచ బ్యాంకు అయితే 2025లో పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లను దక్షిణాసియా నుంచి తీసి పశ్చిమాసియా సమూహంలో చేర్చింది. పేరు ఒకటే, లోపల ఉన్న దేశాలు వేరు. అందుకే రెడీమేడ్ ప్రాంతీయ మొత్తాలను నమ్ముకోకుండా దేశాల జాబితా మీరే రాసుకుని, మీరే కూడండి.

3. ఒకే డేటాను ఎంచుకోండి

ఉచితంగా దొరికే నమ్మకమైన వనరులు కొన్ని ఉన్నాయి. గ్లోబల్ కార్బన్ ప్రాజెక్ట్ ఏటా కొత్త లెక్క విడుదల చేస్తుంది. శిలాజ ఇంధనాల కార్బన్ డయాక్సైడ్‌కు ఇది బాగుంటుంది. అదే డేటాను అవర్ వరల్డ్ ఇన్ డేటా వెబ్‌సైటు ఎక్సెల్‌లో తెరుచుకునే సులువైన సీఎస్‌వీ ఫైలుగా ఇస్తుంది. అన్ని వాయువులూ కావాలంటే ఐరోపా కమిషన్ ఆధ్వర్యంలోని ఎడ్గార్ ఉంది. చరిత్రలో వెనక్కి వెళ్లి అన్ని వాయువులనూ చూడాలంటే ప్రైమ్యాప్-హిస్ట్ ఉంది. ఇందులో దేశాలు స్వయంగా ఇచ్చిన లెక్కలకు ప్రాధాన్యమిచ్చేది ఒకటి, బయటి సంస్థల అంచనాలకు ప్రాధాన్యమిచ్చేది ఒకటి, ఇలా రెండు రకాలుంటాయి. దేశాలు ఐక్యరాజ్యసమితికి పంపే అధికారిక నివేదికలు సరేసరి.

ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు. కానీ ఈయూకు ఒకటి, దక్షిణాసియాకు ఇంకొకటి, ప్రపంచ మొత్తానికి మరొకటి వాడటం మాత్రం కుదరదు. ధనిక దేశాలు 1990 నుంచి ఏటా వివరంగా లెక్క చెప్పాలన్నది ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం నిబంధన. అభివృద్ధి చెందుతున్న దేశాలు కొన్నేళ్లకోసారి ఇచ్చాయి. భారత్ 2024 డిసెంబరులో పంపిన నివేదికలో ఉన్నది 2020 లెక్క. ఇలాంటి రెండింటినీ ఒకే గీత మీద పెడితే మధ్యలో ఖాళీలు ఊహతో నింపాల్సి వస్తుంది.

అవర్ వరల్డ్ ఇన్ డేటా ఫైలు తెరిచాక ఒక పని వెంటనే చేయండి. అందులో దేశాలతో పాటు ప్రపంచం, ఆసియా, అధికాదాయ దేశాలు, ‘చైనా, భారత్ మినహా ఆసియా’ లాంటి మొత్తాల వరుసలు కూడా ఉంటాయి. వాటికి మూడక్షరాల దేశం కోడ్ ఉండదు. ఆ గడి ఖాళీగా ఉన్న వరుసలను ఫిల్టర్ చేసి పక్కన పెట్టండి. లేకపోతే నిలువునా కూడినప్పుడు ఒకే టన్నును రెండు మూడుసార్లు లెక్కపెడతారు.

4. కొలమానాలు సరిచూడండి

గ్లోబల్ కార్బన్ ప్రాజెక్ట్ అసలు ఫైళ్లలో చాలాచోట్ల అంకెలు కార్బన్ లెక్కలో ఉంటాయి, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో కాదు. కార్బన్ పరమాణువు బరువు దాదాపు 12, కార్బన్ డయాక్సైడ్ అణువుది దాదాపు 44. కాబట్టి 3.664తో గుణించాలి. ఇది మర్చిపోతే ప్రపంచ ఉద్గారాలు 37 గిగాటన్నులకు బదులు 10 గిగాటన్నులుగా కనిపిస్తాయి. పది దగ్గర్లో అంకె కనిపించిందంటే కారణం ఇదే అనుకోండి.

మన అధికారిక నివేదికల్లో గిగాగ్రాములు వాడతారు. ఒక గిగాగ్రాము వెయ్యి టన్నులు. ఒక గిగాటన్ను 100 కోట్ల టన్నులు. తెలుగు పాఠకుల కోసం రాస్తుంటే కోట్ల టన్నుల్లోకి మార్చండి. చదివేవాళ్లకు పరిమాణం చప్పున తెలుస్తుంది.

5. అన్ని వాయువులూ కలిపితే మీథేన్ దగ్గర ఆగండి

కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే చూస్తే ఈ మెట్టు వదిలేయొచ్చు. కానీ దక్షిణాసియాను సరిగ్గా అర్థం చేసుకోవాలంటే మీథేన్ చూడాల్సిందే. నీళ్లు నిలబెట్టి సాగు చేసే వరి, పశువులు, చెత్తకుప్పలు అన్నీ మీథేన్ వదులుతాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నాట్లేసినప్పటి నుంచి మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలం ఆ బురదలో ప్రాణవాయువు అందని సూక్ష్మజీవులు చేసే పని ఇదే.

మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కూడాలంటే, ఒక టన్ను మీథేన్ ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుందో చెప్పే గుణకం ఒకటి కావాలి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘమైన ఐపీసీసీ రెండో నివేదికలో వందేళ్ల వ్యవధికి అది 21. నాలుగో నివేదికలో 25, అయిదో నివేదికలో 28. పారిస్ ఒప్పందం కింద ఇప్పుడు లెక్కలు చెప్పేది అయిదో నివేదిక విలువలతో. అభివృద్ధి చెందుతున్న దేశాల పాత నివేదికల్లో చాలావరకు 21 ఉంటుంది.

తేడా ఎంతో చూడండి. 2016కి భారత్ అధికారికంగా చెప్పిన మీథేన్ సుమారు 1.95 కోట్ల టన్నులు. 21తో గుణిస్తే 41 కోట్ల టన్నులు, 28తో గుణిస్తే దాదాపు 55 కోట్ల టన్నులు. పొలంలో ఏమీ మారలేదు, పశువుల కొట్టంలో ఏమీ మారలేదు. కాగితం మీద 14 కోట్ల టన్నులు పెరిగాయి. బంగ్లాదేశ్ మొత్తం ఏడాదిలో ఇంధనాల నుంచి వదిలే కార్బన్ డయాక్సైడ్ కంటే ఇది ఎక్కువ. వందేళ్లకు బదులు ఇరవై ఏళ్ల వ్యవధి తీసుకుంటే గుణకం 80 దాటుతుంది. అప్పుడు వరి, పశువులు ఎక్కువున్న ప్రాంతాల వాటా ఇంకా పైకి వెళ్తుంది. కాబట్టి రెండు ప్రాంతాలకూ ఒకే గుణకం, ఒకే వ్యవధి. అదేమిటో పట్టిక కింద రాయండి.

ఎడ్గార్ లెక్కలో అన్ని వాయువులూ కలిపి 2023లో ప్రపంచ ఉద్గారాలు 53 గిగాటన్నులు. అందులో ఈయూ వాటా సుమారు 6 శాతం, భారత్ ఒక్కదాని వాటా దాదాపు 8 శాతం.

6. షీటులో లెక్క

నిలువు వరుసలు ఇలా పెట్టుకోండి: ఏ (A) లో సంవత్సరం, బీ (B) లో ఈయూ-27, సీ (C) లో దక్షిణాసియా, డీ (D) లో ప్రపంచం. ఎనిమిది దేశాలనూ ఏడాదివారీగా కూడటానికి సమ్‌ఇఫ్స్ (SUMIFS) ఫార్ములా వాడండి. తర్వాత బీ ని డీ తో భాగించి 100తో గుణిస్తే ఈయూ వాటా ‘ఈ’ (E) వరుసలో, సీ ని డీ తో భాగించి గుణిస్తే దక్షిణాసియా వాటా ఎఫ్ (F) వరుసలో వస్తాయి.

గుండ్రటి అంకెల్లో మీకు రావాల్సింది ఇది:

1990: ఈయూ 390 కోట్ల టన్నులు, దక్షిణాసియా 67, ప్రపంచం 2,275. వాటాలు 17.1 శాతం, 2.9 శాతం.
2022: ఈయూ 275 కోట్ల టన్నులు, దక్షిణాసియా 320, ప్రపంచం 3,730. వాటాలు 7.4 శాతం, 8.6 శాతం.

డేటా ఎప్పుడు దించుకున్నారన్నదాన్ని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. చాలా దూరంగా ఉంటే 2, 4 మెట్లు మళ్లీ చూడండి.

ప్రపంచ మొత్తంలో ఒక చిన్న మెలిక ఉంది. అంతర్జాతీయ విమానాలు, ఓడలు వాడే ఇంధనం ఏ దేశం ఖాతాలోనూ పడదు, కానీ ప్రపంచ మొత్తంలో సాధారణంగా ఉంటుంది. ఇది మొత్తంలో 3 శాతం దాకా ఉంటుంది. అందుకే అన్ని దేశాల వాటాలూ కూడితే వందకు తక్కువ వస్తుంది. అది తప్పు కాదు. ఉంచినా తీసినా అన్ని సంవత్సరాలకూ ఒకేలా చేయండి.

7. అసలు మెట్టు: లవం ఎంత, హారం ఎంత?

ఇక్కడ తొందరపడకండి. మిగతా మెట్లన్నీ దీనికోసమే.

ఒక బ్యాటర్ 50 పరుగులు చేశాడు. జట్టు 200 చేస్తే అతని వాటా 25 శాతం, జట్టు 350 చేస్తే 14 శాతం. వాటా తగ్గిందని అతను తక్కువ ఆడినట్టా? ఈయూ గీతను చూసేటప్పుడు కూడా ముందు ఇదే అడగాలి.

అడగడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఈయూ 1990 నుంచి ఒక్క టన్ను కూడా తగ్గించలేదనుకోండి. 2022లో కూడా 390 కోట్ల టన్నులే. అప్పుడు ప్రపంచ మొత్తం కూడా పెరుగుతుంది కదా, 3,730 లోంచి 275 తీసి 390 కలపాలి. 3,845 వస్తుంది. 390ని 3,845తో భాగిస్తే 10.1 శాతం.

అంటే ఏమీ చేయకుండా కూర్చున్నా ఈయూ వాటా 17.1 నుంచి 10.1కి పడేది. ఆ 7 పాయింట్లు మిగతా ప్రపంచం పెరిగినందువల్ల. 10.1 నుంచి 7.4 దాకా తగ్గిన 2.7 పాయింట్లే ఈయూ సొంత తగ్గింపు వల్ల. మొత్తం 9.7 పాయింట్ల పతనంలో 70 శాతానికి పైగా హారం పనే.

ఇదే లెక్క దక్షిణాసియాకు చేయండి. 1990లోని 67 కోట్ల టన్నుల దగ్గరే ఆగిపోయి ఉంటే ప్రపంచ మొత్తం 3,477 అయ్యేది, మన ప్రాంతం వాటా 1.9 శాతానికి తగ్గేది. అసలు వాటా 8.6. అంటే ఇక్కడ పెరుగుదల మొత్తం సొంత పెరుగుదలే. పైగా హారం కిందికి లాగుతున్నా పెరిగింది. అందుకే ఉద్గారాలు 4.8 రెట్లయితే వాటా మూడు రెట్లే అయింది.

మరి హారాన్ని అంతగా పెంచింది ఎవరు? 1990 నుంచి 2022 మధ్య ప్రపంచం 1,455 కోట్ల టన్నులు పెరిగింది. అందులో చైనా ఒక్కటే దాదాపు 900 కోట్లు, 60 శాతానికి పైగా. దక్షిణాసియా 253 కోట్లు, 17 శాతం. మీరు పోల్చేది రెండు ప్రాంతాలను. కానీ హారాన్ని ఎక్కువగా పెంచి రెండింటి వాటాలనూ కిందికి లాగింది, మీ పట్టికలో కనబడని మూడో దేశం. ఈ ఒక్క విషయం చెప్పకుండా వేసిన పోలిక ఎంత అందంగా ఉన్నా పాఠకుణ్ని పక్కదారి పట్టిస్తుంది.

హారం గొడవే వద్దనుకుంటే రెండు ప్రాంతాలనూ నేరుగా భాగించండి. 1990లో దక్షిణాసియా ఒక టన్ను వదిలితే ఈయూ 5.8 టన్నులు వదిలేది. 2022లో 0.86 టన్ను. 2020 ప్రాంతంలో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటాయి. ఈ నిష్పత్తిలో చైనా ప్రమేయం ఉండదు.

8. జనాభా, చరిత్ర, దిగుమతులు

వాటా పక్కన తలసరి లేకపోతే ఆ పట్టికను నేనైతే బయటపెట్టను. 2022లో ఈయూ జనాభా సుమారు 44.7 కోట్లు, దక్షిణాసియాది 192 కోట్లు. తలకు ఈయూలో 6.2 టన్నులు, మన దగ్గర 1.7 టన్నులు, ప్రపంచ సగటు 4.7 టన్నులు. 1990లో 9.3, 0.6. ప్రపంచ జనాభాలో 24 శాతం ఉన్న ప్రాంతం 8.6 శాతం ఉద్గారాలు వదులుతుంటే, 5.6 శాతం జనాభా ఉన్న ప్రాంతం 7.4 శాతం వదులుతోంది. ఎంత వేగంగా పెరిగామన్నది ఒక నిజం, ఇప్పటికీ ఎంత కింద ఉన్నామన్నది ఇంకో నిజం. రెండూ ఒకే పేజీలో ఉండాలి.

కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు గాలిలో నిలుస్తుంది. కాబట్టి పారిశ్రామిక విప్లవం నుంచి కూడిన మొత్తం కూడా చూడండి. ఇంధనాల లెక్కలో ఇప్పటిదాకా పేరుకున్న దాంట్లో నేటి ఈయూ దేశాల వాటా సుమారు 17 శాతం, దక్షిణాసియాది దాదాపు 4 శాతం.

మూడోది వినియోగం లెక్క. విశాఖలో తయారైన ఉక్కు జర్మనీలో వంతెనకు వాడితే, మామూలు పద్ధతిలో ఆ పొగ భారత్ ఖాతాలో పడుతుంది. వినియోగం పద్ధతిలో జర్మనీ ఖాతాలో పడుతుంది. ఇలా లెక్కేస్తే ఈయూ అంకె పెరుగుతుంది, భారత్ అంకె కొంత తగ్గుతుంది. ఈ డేటా కొన్నేళ్లు ఆలస్యంగా వస్తుంది కాబట్టి వేరే పట్టికగా పెట్టండి. సరిహద్దుల దగ్గర కార్బన్ సుంకం వేసే ఈయూ విధానం 2023 అక్టోబరులో నివేదికల దశతో మొదలై 2026 జనవరి నుంచి పూర్తిస్థాయిలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం ఎగుమతిదారులకు ఈ లెక్క ఇప్పుడు డబ్బుతో ముడిపడిన విషయం.

9. మొదటి ఏడాది, చివరి ఏడాది

1990ను మొదలుగా తీసుకుంటే ఈయూకు కలిసొస్తుంది. కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలాక తూర్పు జర్మనీ, పోలండ్, రుమేనియా లాంటి చోట్ల పాత ఫ్యాక్టరీలు మూతపడి 1990ల మొదట్లోనే ఉద్గారాలు బాగా పడిపోయాయి. ఆ తగ్గుదల వాతావరణ విధానాల వల్ల వచ్చింది కాదు. కంపెనీలు ఉద్గారాల అనుమతులను కొని అమ్ముకునే ఈయూ కార్బన్ మార్కెట్ మొదలైంది 2005లో. అందుకే 1990తో పాటు 2005 నుంచి కూడా ఒకసారి లెక్క వేసి చూడండి. చివరి ఏడాదిగా 2020 మాత్రం వద్దు. కోవిడ్ లాక్‌డౌన్‌తో రెండు ప్రాంతాల్లోనూ ఉద్గారాలు అసాధారణంగా తగ్గాయి. మూడేళ్ల సగటు తీసుకుంటే ఈ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి.

అడవులను కలపడం గురించి ఒక్క మాట. 2020కి అన్ని వాయువులూ కలిపి భారత్ చెప్పిన ఉద్గారాలు అడవులు కలపకుండా 296 కోట్ల టన్నులు, అడవులు పీల్చుకున్నదీ లెక్కేస్తే 244 కోట్లు. 50 కోట్లకు పైగా తేడా. ఈ విభాగం అంచనాల్లో అనిశ్చితి అన్నిటికంటే ఎక్కువ. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రపంచ స్థాయిలోనే దాన్ని 70 శాతం అటూఇటూ అని చెప్పింది. శిలాజ ఇంధనాల కార్బన్ డయాక్సైడ్‌కు అది 8 శాతమే. అందుకే అడవుల లెక్కను ప్రధాన పట్టికలో కలపకుండా విడిగా చూపడమే మేలు.

10. గీసేటప్పుడు, రాసేటప్పుడు

రెండు చార్టులు వేయండి. ఒకటి వాటాలది, ఒకటి కోట్ల టన్నులది. ఒక్క వాటాల చార్టే వేస్తే ఏడో మెట్టులో చూసిన విషయం మొత్తం దాగిపోతుంది. నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి.

శాతానికీ, శాతం పాయింటుకూ తేడా పాటించండి. 17.1 నుంచి 7.4కు తగ్గితే అది 9.7 పాయింట్ల తగ్గుదల, లేదా 57 శాతం తగ్గుదల. ‘9.7 శాతం తగ్గింది’ అని రాస్తే తప్పు. దశాంశం తర్వాత ఒక అంకె చాలు. డేటాలోనే కొన్ని శాతాల అనిశ్చితి ఉన్నప్పుడు 7.37 అని రాయడం లేని కచ్చితత్వాన్ని చూపించడమే.

చివరికి మీ వాక్యం ఇలా ఉండొచ్చు: “1990, 2022 మధ్య ప్రపంచ శిలాజ కార్బన్ డయాక్సైడ్‌లో ఈయూ-27 వాటా 17.1 నుంచి 7.4 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలలో 70 శాతానికి పైగా మిగతా ప్రపంచం, ముఖ్యంగా చైనా, పెరగడం వల్ల వచ్చింది. ఈయూ సొంత ఉద్గారాలు 29 శాతం తగ్గాయి. దక్షిణాసియా ఉద్గారాలు 4.8 రెట్లయ్యాయి, అయినా తలసరి ఉద్గారాలు ఈయూలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే.” కింద డేటా పేరు, దేశాల జాబితా, వాయువులు, దించుకున్న తేదీ రాయండి. కొత్త లెక్క విడుదలైన ప్రతిసారీ పాత సంవత్సరాల అంకెలు కూడా సవరిస్తారు. కాబట్టి కొత్త ఏడాది అంకెను పాత షీటు చివర అతికించకుండా మొత్తం ఫైలు మళ్లీ దించుకుని లెక్క కట్టండి.